నీళ్లలో నాచు, గోడ మీద పాచి: తేమ ఎక్కువున్న చోట ఏ పద్ధతి ఎంచుకోవాలి?

మూడు రోజుల ముసురు వదిలాక పొద్దున్నే పూల్ దగ్గరికి వెళ్లి మొదటి మెట్టు మీద కాలు పెట్టి చూడండి. నీళ్లు తేటగానే ఉంటాయి, పాదం కింద మాత్రం సన్నగా జారుతుంది. ఆ జారుడు తగిలిందంటే పచ్చరంగు తేలడానికి ఎన్నో రోజులు పట్టదు. అక్కడే నిలబడి తలెత్తి ఇంటి వైపు చూస్తే ఎండ సరిగా తగలని గోడకు మోకాలెత్తు దాకా పాచి, సజ్జా కింద నల్లటి చారలు. మనం పూల్‌కి ఒకరిని, గోడకి ఇంకొకరిని పిలిచి రెండూ వేర్వేరు జబ్బులన్నట్టు వైద్యం చేయిస్తాం. తేమలో పెరిగే నాచు, బూజు, కంటికి కనపడని సూక్ష్మజీవులే రెండు చోట్లా ఉన్నది. వాటిని చంపే ముఖ్యమైన మందూ రెండు చోట్లా క్లోరినే.

మరి ఎంచుకోవడానికి ఏముంది అంటారా? మార్కెట్లో దొరికే పద్ధతులు చాలావరకు నాచును వదిలిస్తాయి. వదిలించాక వెనక ఏం మిగులుస్తాయన్న దగ్గరే అసలు తేడా. ఒకటి నీళ్లలో స్టెబిలైజర్ (ఎండకు క్లోరిన్ పోకుండా కాపాడే మందు) మిగులుస్తుంది, ఇంకొకటి కాల్షియం, మరొకటి గోడ లోపల తడి. ఈ సంగతి తెలియక మొదటి ఏడాది నేను పడ్డ తిప్పలు మధ్యలో వస్తూనే ఉంటాయి.

ఉక్కపోతకూ పూల్‌కూ సంబంధం ఏమిటి

పొడి గాలి ఉన్న చోట రాత్రిపూట నీళ్లు ఆవిరవుతూ పూల్ చల్లబడుతుంది. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి లేవదు, వేడి పోదు. వేసవిలో తెల్లవారుజామున కూడా నీళ్లు గోరువెచ్చగా, 30 డిగ్రీల దగ్గర ఉండిపోతాయి. ఆ వెచ్చదనంలో నాచు జోరుగా పెరుగుతుంది, క్లోరిన్ అంతే జోరుగా ఖర్చవుతుంది. దానికి తోడు వాన. వాన నీళ్లలో క్షారత, అంటే పీహెచ్‌ని నిలకడగా ఉంచే గుణం, దాదాపు ఉండదు కాబట్టి పూల్‌లో ఉన్నది పలచబడుతుంది, ఒడ్డు మీది మట్టి, ఆకులు, తోటలో వేసిన ఎరువు కొట్టుకొచ్చి పడతాయి.

అందువల్ల పొడి వాతావరణం వాళ్లకు రాసిన సలహాలు యథాతథంగా మనకు పనికిరావు. వారానికోసారి చూసుకుంటే చాలన్న మాట అలాంటిదే. లక్ష్యాలు మాత్రం ఎక్కడైనా ఇంచుమించు ఒకటే: పీహెచ్ 7.2 నుంచి 7.8, క్షారత 80 నుంచి 120 పీపీఎం (పది లక్షల్లో భాగాలు), స్టెబిలైజర్ 30 నుంచి 50, సిమెంటు పూల్ అయితే కాల్షియం హార్డ్‌నెస్ (నీళ్లలో కాల్షియం వల్ల వచ్చే గట్టితనం) 200 నుంచి 400. ఫ్రీ క్లోరిన్ (ఇంకా ఖర్చవకుండా నీళ్లలో మిగిలున్న క్లోరిన్) సంగతి కొంచెం తిరకాసు, స్టెబిలైజర్‌ని బట్టి మారుతుంది. అది కింద చెబుతాను.

బిళ్లలా, పొడా, ద్రవమా, ఉప్పా?

లెక్క తేలికగా ఉండటానికి 8 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, సగటున 1.5 మీటర్ల లోతు ఉన్న పూల్ అనుకుందాం. 48,000 లీటర్లు. దీన్ని 1 పీపీఎం పెంచాలంటే 48 గ్రాముల క్లోరిన్ కావాలి. ఎండాకాలంలో రోజుకు 2 పీపీఎం ఖర్చు కావడం మామూలే, అంటే రోజుకు దాదాపు 100 గ్రాములు. ఇది ఏ రూపంలో వేసినా నాచుకు పడే దెబ్బ ఒక్కటే. కూడా వచ్చే సామానే వేరు.

బిళ్లలతో మొదలుపెడదాం. చాలామంది మొదలుపెట్టేది వాటితోనే, నేనూ అంతే. ట్రైక్లోర్ బిళ్లలో దాదాపు 90 శాతం క్లోరిన్ ఉంటుంది, డబ్బాలో పెడితే నెమ్మదిగా కరుగుతుంది, వారం దాకా చూడక్కర్లేదు. ఇంత సుఖం ఉండగా వేరేది ఎందుకు అనిపిస్తుంది. కానీ ప్రతి బిళ్లలోనూ సయనూరిక్ యాసిడ్ కలిసి ఉంటుంది. స్టెబిలైజర్ అని పిలిచేది దాన్నే. ఎండకు క్లోరిన్ ఎగిరిపోకుండా అది గొడుగులా కాపాడుతుంది. అది అసలు లేకపోతే మంచి ఎండలో రెండు గంటల్లోనే చాలా క్లోరిన్ పోతుంది, కాబట్టి కొంత ఉండి తీరాలి. చిక్కు ఏమిటంటే క్లోరిన్ ఖర్చయిపోతుంది, స్టెబిలైజర్ అలాగే ఉండిపోతుంది.

మన పూల్‌లో లెక్క చూడండి. 200 గ్రాముల బిళ్ల ఒకటి కరిగితే 3.75 పీపీఎం క్లోరిన్, దాంతో పాటు 2 పీపీఎం పైచిలుకు స్టెబిలైజర్ వస్తాయి. రోజుకు 2 పీపీఎం చొప్పున వారానికి నాలుగు బిళ్లలు పడతాయి, స్టెబిలైజర్ వారానికి 8 పెరుగుతుంది. నెల తిరిగేసరికి 35. సున్నా నుంచి మొదలుపెట్టినా మూడు నెలల్లో వంద. గొడుగు మరీ పెద్దదైతే క్లోరిన్ దాని కిందే కూర్చుంటుంది, పనికి రాదు. పూల్ మనుషులు వాడే ఒక లెక్క ఉంది: ఫ్రీ క్లోరిన్ స్టెబిలైజర్‌లో కనీసం 7.5 శాతం ఉండాలి. స్టెబిలైజర్ 40 ఉంటే 3 పీపీఎం చాలు. 100 ఉంటే 7.5 కావాలి.

నాకు జరిగింది సరిగ్గా ఇదే. టెస్ట్‌లో క్లోరిన్ 3 చూపిస్తోంది, డబ్బా మీద రాసిన ప్రకారం అంతా బాగానే ఉంది, నీళ్లు మాత్రం పచ్చగా. కిట్ పాడైందనుకుని కొత్తది తెచ్చాను. అదీ 3 అంది. నాచు మందని ఒకటి, ఫాస్ఫేట్ తీసే మందని ఒకటి పోశాను. ఎవరో స్టెబిలైజర్ కొలిచావా అని అడిగేదాకా ఆ ఆలోచనే రాలేదు. కొలిచే గొట్టం అడుగున ఉన్న నల్లచుక్క, వంద గీత దగ్గరికి రాకముందే మసకలో మాయమైంది. అంటే వంద దాటిపోయిందన్నమాట. అది తగ్గాలంటే నీళ్లు మార్చడమే అందరికీ కుదిరే దారి.

ఇక్కడే వానలు పడే చోట ఇంకో ప్రమాదం. నీళ్లు మార్చాలని వానాకాలంలో పూల్ మొత్తం ఖాళీ చేయకండి. భూమిలో నీటిమట్టం పైకొచ్చి ఉన్నప్పుడు ఖాళీ తొట్టి పడవలా తేలాలని చూస్తుంది. అడుగు పగలొచ్చు, ఫైబర్‌గ్లాస్ తొట్టి అయితే ఏకంగా పైకి లేవొచ్చు. మూడో వంతు, పావు వంతు చొప్పున దఫాలుగా మార్చుకోవాలి. వానే కొంత సాయం చేస్తుంది కూడా. ఈ పూల్ మీద 20 సెంటీమీటర్ల వాన పడితే 6,400 లీటర్లు. అంత నీరూ కలిసి పొర్లి పోతే అన్నీ ఎనిమిదో వంతు పలచబడినట్టే.

పొడి అంటే కాల్షియం హైపోక్లోరైట్. 65 శాతం పైన బలం ఉన్నది రోజుకు 150 గ్రాములు సరిపోతుంది. స్టెబిలైజర్ కలపదు, బదులుగా కాల్షియం కలుపుతుంది, ప్రతి 10 పీపీఎం క్లోరిన్‌కి హార్డ్‌నెస్ 7 దాకా. మీ నీళ్లు మెత్తనివైతే, పూల్ సిమెంటుదైతే ఇది వరమే, వాన పలచబరిచిన కాల్షియాన్ని భర్తీ చేస్తుంది. బోరు నీళ్లు ముందే గట్టివైతే టైల్స్ అంచున తెల్లటి గార కడుతుంది. నేరుగా చల్లితే వినైల్ లైనర్ (తొట్టి లోపల పరిచే ప్లాస్టిక్ షీటు) మీద మచ్చలు పడతాయి కాబట్టి బకెట్ నీళ్లలో కలిపి పోయాలి. ముందు నీళ్లు, తర్వాత పొడి. తలకిందులు చేయకూడదు.

ద్రవం అంటే సోడియం హైపోక్లోరైట్, 10 నుంచి 12 శాతం బలంది. మన పూల్‌కి రోజుకు లీటరు. వెనక మిగిల్చేది కాస్త ఉప్పు, అంతకు మించి పెద్దగా ఏమీ లేదు. నా ఓటు దీనికే. కష్టాలు లేకపోలేదు. బరువు, బట్టల మీద చుక్క పడితే రంగు పోతుంది, అన్నిటికన్నా ముఖ్యం వేడికి బలం తగ్గిపోవడం. ప్రతి 10 డిగ్రీలకు అది విరిగే వేగం మూడు నాలుగు రెట్లు పెరుగుతుంది. రేకుల షెడ్డులో నెలల తరబడి పెట్టిన క్యాన్‌లో ఉన్నది ఎక్కువగా ఉప్పునీరే. రెండు మూడు వారాలకు సరిపడా మాత్రమే తెచ్చుకుని నీడలో పెట్టుకోవాలి. తయారీ తేదీ చూడకుండా కొనొద్దు.

ఉప్పు పూల్ అనగానే క్లోరిన్ లేని పూల్ అని చాలామంది అపోహ. అందులోనూ ఉన్నది క్లోరినే, కాకపోతే ఉప్పునీళ్లలో కరెంటు పంపి అక్కడికక్కడే తయారుచేస్తుంది. మామూలుగా 3,000 పీపీఎం అటూ ఇటూ ఉప్పు ఉంటుంది. సముద్రం నీళ్లలో 35,000 ఉంటుంది కాబట్టి నోటికి పెద్దగా తెలియదు. మన పూల్‌కి మొదట్లో 150 కిలోల దాకా ఉప్పు పోయాలి. రోజూ కొంచెం కొంచెంగా క్లోరిన్ అందుతూ ఉండటం తేమ వాతావరణానికి బాగా నప్పుతుంది. అయితే పీహెచ్ పైకి పాకుతూనే ఉంటుంది, యాసిడ్ చేతిలో ఉండాలి. కరెంటుతో క్లోరిన్ తయారుచేసే ఆ పరికరాన్ని, అంటే సెల్‌ని, కొన్నేళ్లకు మార్చాలి, అది చిన్న ఖర్చు కాదు. తుఫానుకు కరెంటు పోతే, అంటే నాచుకు సరిగ్గా అనువైన రోజున, క్లోరిన్ తయారీ ఆగిపోతుంది. అందుకని ఉప్పు పూల్ వాళ్ల ఇంట్లో కూడా ఒక క్యాన్ ద్రవ క్లోరిన్ ఉండాలంటాను. సెల్ కొనేటప్పుడు మీ పూల్ సైజుకు కొలిచినట్టు సరిపోయేది కొనకుండా దానికి దాదాపు రెట్టింపు పూల్‌కి సరిపోయేది తీసుకోండి, తక్కువ గంటలు తిరిగి ఎక్కువ కాలం వస్తుంది. పూల్ చుట్టూ మెత్తటి రాయి పరిచి ఉంటే మాత్రం ఆలోచించాలి. ఎండిన ఉప్పు రాయిలోంచి పొరలు లేపుతుంది.

మరి బిళ్లలు అసలు వద్దా? ఊరికి వెళ్లే వారం పది రోజులకు వాటికి మించింది లేదు. స్టెబిలైజర్ 30 దగ్గర ఉన్నప్పుడు వేసి వెళ్లండి, వచ్చాక మళ్లీ ద్రవానికి మారండి. మోటారు టైమర్ ఆపి వెళ్లడం మాత్రం చేయకండి. క్లోరిన్ లేని నిలవ నీళ్లలో దోమ గుడ్డు పెట్టి, పిల్ల దోమ ఎగిరిపోవడానికి వారం పది రోజులు చాలు.

కొలవడం, తిప్పడం

కొలిచే పట్టీలు సుఖంగా ఉంటాయి కానీ తేమ గాలికి డబ్బా మూత నాలుగుసార్లు తీస్తే చాలు, అంకెలు నమ్మలేం. చుక్కల కిట్ కొనండి. ఒక చిన్న మోసం గుర్తుంచుకోండి: క్లోరిన్ మరీ ఎక్కువుంటే క్లోరిన్ కొలవడానికి వాడే మామూలు డీపీడీ చుక్కల గులాబీ రంగు తెల్లబడిపోయి, క్లోరిన్ అసలు లేనట్టు చూపిస్తుంది. అనుమానం వస్తే శాంపిల్‌కి సమానంగా మంచినీళ్లు కలిపి మళ్లీ చూడాలి.

దీనికన్నా పనికొచ్చే పరీక్ష ఒకటుంది, ఎవరూ చేయరు. సూర్యుడు దిగాక ఒకసారి, ఉదయించక ముందు ఒకసారి క్లోరిన్ కొలవండి. రాత్రి ఎండ ఉండదు కాబట్టి తగ్గకూడదు. 1 పీపీఎం కన్నా ఎక్కువ తగ్గిందంటే నీళ్లలో ఏదో బతికి ఉండి తింటోందని అర్థం. అప్పుడు క్లోరిన్ పెంచి, గోడలు బ్రష్‌తో రుద్ది, రాత్రి నష్టం ఆగేదాకా పట్టు వదలకూడదు. నాచు మందుల సీసాల జోలికి అప్పటికీ వెళ్లక్కర్లేదు. రాగి కలిసినవి అయితే అసలే వద్దు, గోడకు మచ్చలు పడతాయి. ఈత కొట్టేవాళ్ల లేత రంగు జుట్టు పచ్చబడితే అందరూ క్లోరిన్‌ని తిడతారు కానీ, ఆ పని రాగిది.

మోటారు విషయంలో పెద్ద చర్చ అక్కర్లేదు. వేగం మార్చుకునే మోటారు దొరికితే అదే తీసుకోండి. వేగం సగం చేస్తే కరెంటు ఎనిమిదో వంతుకు దిగుతుంది, అదే నీటిని తిప్పడానికి రెట్టింపు గంటలు నడిపినా నాలుగో వంతే. ఫిల్టర్లలో ఇసుకది 20 నుంచి 40 మైక్రాన్ల (మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు ఒక మైక్రాన్) రేణువులను పడుతుంది, కార్ట్రిడ్జ్ 10 నుంచి 20, డయాటమ్ మట్టిది 3 నుంచి 5. అంకెలు చూస్తే చివరిదే గొప్ప. కానీ ప్రతి వానకూ బురద వచ్చే చోట వాల్వ్ తిప్పి నీటిని వెనక్కి పంపి బ్యాక్‌వాష్ చేసేస్తే పని అయిపోయే ఇసుక ఫిల్టరే నాకు నచ్చుతుంది. కార్ట్రిడ్జ్ బయటికి తీసి మడత మడతకూ పైపు పట్టి కడగడం ఒకసారి చేస్తే మీకూ అదే అనిపిస్తుంది. శుభ్రంగా ఉన్నప్పటి కన్నా ప్రెజర్ 8 నుంచి 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) పెరిగితే బ్యాక్‌వాష్ టైమ్ అన్నమాట.

సొంతంగానా, సర్వీసుకి ఇవ్వాలా?

రోజుకు పది నిమిషాలు పెట్టగలిగితే సొంతంగా చేసుకోవడమే మేలు. కష్టమైన పనేమీ కాదు, మానకుండా చేయాల్సిన పని, అంతే.

సర్వీసుకి ఇచ్చేవాళ్లు ఒక విషయం గమనించాలి. మనిషి వారానికి ఒకసారే వస్తాడు. రోజుకు 2 పీపీఎం చొప్పున వారానికి 14 కావాలి. అంతా ఒకేరోజు పోసి వెళ్తే మొదటి రెండు రోజులు ఎక్కువ, చివరి రెండు రోజులు సున్నా. కాబట్టి అతను బిళ్లలు పెడతాడు, అతని తప్పేం లేదు, అతని పనికి అదే కుదురుతుంది. స్టెబిలైజర్ మాత్రం మీ పూల్‌లో పేరుకుంటుంది. సర్వీసే కావాలనుకుంటే ఉప్పు సెల్ పెట్టించుకోండి, లేదా డ్రమ్ములోంచి ద్రవ క్లోరిన్‌ని రోజూ కొలిచి వదిలే చిన్న డోసింగ్ పంపు. అప్పుడు వారానికోసారి వచ్చే మనిషి సరిపోతాడు.

మాట్లాడుకునేటప్పుడు మందుల ఖర్చు కలిపా విడిగానా, పెద్ద వాన తర్వాత అదనంగా వస్తారా, ఇవి అందరూ అడుగుతారు. మీరు ఇంకోటి అడగండి: స్టెబిలైజర్ ఎన్ని వారాలకోసారి కొలుస్తారు? సమాధానం నెలకోసారి అని వెంటనే వస్తే మంచి మనిషి దొరికినట్టే. అదేంటి అన్నట్టు చూస్తే ఇంకొకరిని వెతకండి. వచ్చిన ప్రతిసారీ అంకెలు పుస్తకంలో రాసి వెళ్లమనండి. బాగుంది, ఓకే అని రాస్తే కాదు, అంకెలే రాయాలి.

గోడకి: ప్రెజర్ వాషా, సాఫ్ట్ వాషా?

ఇంటి వైపు వద్దాం. ప్రెజర్ వాషర్ చూడటానికి మంచి తమాషా. నల్లటి గచ్చు మీద గన్ను తిప్పితే తెల్లటి దారి పడుతుంది, చూస్తూ కూర్చోవచ్చు. ఇంట్లో వాడే కరెంటు మెషిన్లు 1,500 నుంచి 2,000 పీఎస్ఐ, పెట్రోల్‌వి 3,000 దాకా, అంతకు మించీ ఉంటాయి. సాఫ్ట్ వాష్‌లో నీళ్లు తోటపైపు స్థాయి ఒత్తిడితో, మామూలుగా 100 పీఎస్ఐ లోపే వస్తాయి. పని చేసేది నీటి దెబ్బ కాదు, అందులో కలిపిన హైపోక్లోరైట్, కొంచెం సబ్బు. సబ్బు దేనికంటే మందు జారిపోకుండా గోడకు అతుక్కుని కాసేపు నిలబడటానికి.

తేడా వెంటనే తెలియదు. ఆ సాయంత్రం రెండు గోడలూ ఒకేలా మెరుస్తాయి. ప్రెజర్ పైన కనిపించేదాన్ని గీకేస్తుంది. ప్లాస్టర్ రంధ్రాల్లోకి దిగిన బూజు పోగులు, పగుళ్లలో దాక్కున్న నాచు లోపలే ఉంటాయి. పైగా దెబ్బకు గోడలోకి నీళ్లు ఎక్కుతాయి. గాలి పొడిగా ఉంటే ఆ నీళ్లు రెండు రోజుల్లో ఆరతాయి. ఉక్కపోతలో వారాలు గడిచినా లోపల తడి అలాగే ఉంటుంది, మిగిలిన నాచుకు అంతకన్నా ఏం కావాలి? నేను కూలికి పిలిచిన ఒకాయన గన్ను గోడకు జానెడు దూరంలో పెట్టి కొట్టాడు. పాచి పోయింది. ఆరాక చూస్తే రంగు లేచిపోయి గోడ నిండా పాము మెలికలు, ఆయన చెయ్యి తిరిగిన దారి అంతా గీసినట్టు. మర్నాడు లోపలి గదిలో కిటికీ మూల తడి మచ్చ కూడా తేలింది.

సాఫ్ట్ వాష్ మూలం నుంచి చంపుతుంది కాబట్టి తిరిగి రావడానికి ఎక్కువ కాలం పడుతుంది. కానీ దానికీ ఒక బలహీనత ఉంది. పేరుకున్న మట్టిని, గచ్చు మీద టైరు మరకలను అది ఏమీ చేయలేదు. తుప్పు మరక, ఇటుక మీద పూచే తెల్లటి ఉప్పు కూడా క్లోరిన్‌కి లొంగవు, ఎందుకంటే అవి బతికున్నవి కావు. తుప్పుకు ఆక్సాలిక్ యాసిడ్ వాడతారు. ఈ ముక్క దగ్గరే ప్రాణం మీదికి తెచ్చుకునేది. గోడ మీద హైపో (హైపోక్లోరైట్) ఇంకా ఉండగా యాసిడ్ వేస్తే క్లోరిన్ విషవాయువు లేస్తుంది. ముందుది పూర్తిగా కడిగి, వేరే రోజు రెండోది.

కాబట్టి ఏది మంచిది అని అడగడం కన్నా, ఏ ఉపరితలానికి ఏది అని అడగాలి. రంగు వేసిన గోడలు, ప్లాస్టర్, వినైల్ పలకలు అయితే సాఫ్ట్ వాష్, రెండో మాట లేదు. ద్రావణం బలం 0.5 నుంచి 1 శాతం చాలు. 10 శాతం క్యాన్ తీసుకుంటే ఒక పాలుకు తొమ్మిది పాళ్లు నీళ్లు కలిపితే 1 శాతం. పది పదిహేను నిమిషాలు ఉంచాలి, ఎండిపోనివ్వకూడదు, తర్వాత కడిగేయాలి. ఈ ఒక్క చోట తేమ గాలి మన పక్షమే, ద్రావణం తొందరగా ఆరదు. పొద్దున పదిలోపు, ఎండ ఆ గోడ మీదికి రాకముందు చేస్తే ఇంకా మంచిది. బ్లీచింగ్ పౌడర్ కలిపి కొడితే చవకే కదా అని కొందరు చేస్తారు. కరగని సున్నం గోడంతా తెల్లపొడిలా మిగిలిపోతుంది, ముదురు రంగు గోడ అయితే అది చూసి ఏడవాల్సిందే.

పైకప్పు తారు షింగిల్స్‌ది (రేణువులు అద్దిన తారు పలకలది) అయితే గన్ను అసలు ముట్టుకోవద్దు. షింగిల్ మీది రేణువులే దాన్ని ఎండ నుంచి కాపాడేవి, ప్రెజర్‌కి అవి ఊడిపోతాయి. ఆ నల్లచారలు చాలాసార్లు గ్లియోకాప్సా మాగ్మా అనే సయనోబాక్టీరియా (నాచులా పెరిగే సూక్ష్మజీవి) పని. షింగిల్స్‌లో కలిపే సున్నపురాయి పొడి దానికి ఆహారం. అమెరికాలోని ఆస్ఫాల్ట్ రూఫింగ్ మాన్యుఫాక్చరర్స్ అసోసియేషన్ చెప్పే పద్ధతి, బట్టలకు వాడే బ్లీచ్, నీళ్లు సమపాళ్లలో కలిపి చల్లి, 15 నుంచి 20 నిమిషాలు ఆగి, తక్కువ ఒత్తిడి నీళ్లతో కడగడం. పైకప్పు మీద మాత్రం సొంత ప్రయోగాలు వద్దంటాను. సబ్బు పడిన వాలు మీద కాలు నిలవదు, మనిషిని పిలవడానికి అది చాలు కారణం.

గచ్చు, సిమెంటు దారి, పూల్ ఒడ్డు, ఇక్కడ ప్రెజర్‌కి న్యాయంగా చోటుంది. గుండ్రటి మూత లోపల తిరిగే నాజిల్ ఉన్న సర్ఫేస్ క్లీనర్ వాడితే చారలు పడవు. కడిగాక 1 శాతం హైపో పలచగా చల్లి వదిలితే లోపలి నాచు కూడా పోతుంది. రెండూ కలిపిన దెబ్బ ఇదే, పూల్ ఒడ్డున జారిపడే భయం ఉన్న ఇళ్లలో ఇది తప్పనిసరి. చెక్క డెక్‌కి క్లోరిన్ బలంగా కొడితే పోగులు లేచి గరుకవుతుంది. సోడియం పెర్‌కార్బొనేట్, అంటే ఆక్సిజన్ బ్లీచ్, చెక్కకు మెత్తగా పనిచేస్తుంది. పాలరాయి, సున్నపురాయి ఉన్న చోట యాసిడ్ మాట ఎత్తొద్దు.

మొక్కల గురించి. మందు కొట్టే ముందు చుట్టూ ఉన్న మొక్కలను, మట్టిని బాగా తడపాలి, మధ్యలో తడపాలి, అయ్యాక మళ్లీ తడపాలి. వేర్లు ముందే మంచినీళ్లు తాగి ఉంటే పడిన కాస్త మందూ పలచబడి లోపలికి తక్కువ పోతుంది. చేపల తొట్టి ఉంటే ఆ వైపు నీరు అసలు పారనివ్వకూడదు. అల్యూమినియం కిటికీలు, ఇత్తడి గొళ్లేలు వెంట వెంటనే కడగాలి. ఒక కిటికీ ఫ్రేము మీద ఇప్పటికీ నాకు తెల్లటి చుక్కలున్నాయి, ఫోన్ ఎత్తడానికి లోపలికి వెళ్లొచ్చేసరికి పడినవి.

ఇంకోమాట, ఎంత మంచి పద్ధతి ఎంచుకున్నా గోడకు నీళ్లు తగులుతూ ఉంటే పాచి వస్తూనే ఉంటుంది. తోటలో నీళ్లు చిమ్మే స్ప్రింక్లర్ గోడను తడుపుతోందా, ఏసీ పైపు గోడ వెంటే కారుతోందా, చూరు కాలువ పొర్లుతోందా చూడండి. గోడకు ఆనుకున్న పొదను అడుగు దూరం కత్తిరిస్తే గాలి ఆడుతుంది. ఏడాదికి ఒక వాష్ తగ్గించిన పొదలు నా పెరట్లోనే ఉన్నాయి.

రెండు పనులూ ఒకరికేనా, ఏది ముందు?

పూల్ చూసేవాళ్లు గోడలూ కడుగుతామంటారు, గోడలు కడిగేవాళ్లు పూల్ కూడా చూస్తామంటారు. మందు ఒకటే కాబట్టి సామాను దగ్గర ఇబ్బంది లేదు, అలవాటు దగ్గర ఉంది. పూల్ మనిషి నీళ్లలో పీపీఎం లెక్కన ఆలోచిస్తాడు, అంటే పది లక్షల్లో భాగాలు. గోడకు కావాల్సింది శాతం. 1 శాతం అంటే 10,000 పీపీఎం. పూల్ బకెట్‌తో గోడ కొట్టినా, గోడ బకెట్‌ని పూల్‌లో వంచినా మునిగేది మనమే. ఒకరికే ఇవ్వాలనుకుంటే మీ కళ్లముందు ద్రావణం కలపమనండి. ఎన్ని లీటర్లకు ఎంత అని అడిగితే తడుముకోకుండా చెప్పాలి. గోడకు మందు కొట్టే పంపును పూల్ పంపుతో కలపకపోవడం కూడా చూసుకోండి, సబ్బు పూల్‌లోకి వెళ్తే నురగ అంత తొందరగా వదలదు.

వరుస విషయంలో నాకు ఏ అనుమానమూ లేదు: ముందు పైకప్పు, తర్వాత గోడ, తర్వాత ఒడ్డు, ఆఖర్న పూల్. పై నుంచి కడిగిన మురికి కిందికే వస్తుంది. ఆ నీళ్లలోని క్లోరిన్ పూల్‌ని ఏమీ చేయదు, చచ్చిన నాచు, సబ్బు, రంగు పొడి మాత్రం చేస్తాయి. పూల్ మీద కవర్ వేసి, లేకపోతే ఒడ్డున పాత దుప్పట్లు చుట్టి అడ్డుకట్టలా పెట్టి, మురికి నీళ్లు వేరే వైపు పారేలా చేయండి. మూడు రోజుల్లో పెద్ద వాన ఉందంటే అంతా వాయిదా వేసుకోవడమే.

సామాను దాచే చోటు గురించి కూడా మొదట్లోనే ఆలోచించాల్సింది. ట్రైక్లోర్ బిళ్లలు, కాల్షియం హైపో పొడి రెండూ క్లోరినే కదా అని ఒకే గరిటెతో తీస్తే మంట లేవొచ్చు, పేలొచ్చు కూడా. ఒకటి వాడిన బిళ్లల డబ్బాలో ఇంకొకటి వేయకూడదు. యాసిడ్ క్యాన్ ఈ రెండింటికీ దూరంగా, వేరే గదిలో ఉండాలి. తేమ గాలికి మూత సరిగా పడని బిళ్లల డబ్బా నెమ్మదిగా క్లోరిన్ వదులుతూనే ఉంటుంది. నా స్టోర్ రూమ్ తలుపు బందులు తుప్పుపట్టి, ఒకరోజు పైబందు చేతిలోకి ఊడొచ్చింది. డబ్బాను బయట నీడలో పెట్టిన ప్లాస్టిక్ పెట్టెలోకి మార్చి, కొత్త బందులు వేయించాను. ఇప్పటిదాకా వాటికి తుప్పు రాలేదు.